ఇల్లు, స్థలం కొనేవారు కట్టవలసిన పన్నులు: ప్రాంతాన్ని బట్టి లెక్క వేసుకునే పద్ధతి

పర్కాలలో స్థలం కొంటే రిజిస్ట్రేషన్ ఖర్చు తక్కువ పడుతుందా, హనుమకొండలో కొంటే ఎక్కువవుతుందా, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి అక్కడే ఫ్లాట్ తీసుకుంటే ఎంత కట్టాలి అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. అందరూ అడిగేది "ఎంత శాతం" అనే. శాతం ఒక్కటే తెలిస్తే లెక్క తేలదు. ఆ శాతాన్ని ఏ విలువ మీద వేస్తారో, దానికి తోడు ఏయే పన్నులు వచ్చి చేరతాయో కూడా తెలియాలి. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఇల్లు గానీ స్థలం గానీ కొనేవారు బయానా ఇవ్వకముందే ఈ లెక్క ఎలా వేసుకోవాలో కింద వరుస క్రమంలో ఉంది.

1. లెక్కకు కూర్చునే ముందు తేల్చుకోవలసినవి

కింది నాలుగు సంగతులూ కాగితం మీద రాసుకోకుండా ఎవరిని అడిగినా సరైన అంకె రాదు.

- ఆస్తి ఏ రకం: ఖాళీ ప్లాటా, కట్టిన ఇల్లా, పూర్తయిన ఫ్లాటా, నిర్మాణంలో ఉన్న ఫ్లాటా, వ్యవసాయ భూమా.
- ఎక్కడ ఉంది: రాష్ట్రం, జిల్లా, నగర పాలక సంస్థ లేదా పంచాయతీ పరిధి, వీధి, ఇంటి నంబరు లేదా సర్వే నంబరు.
- అమ్మేవారు ఎవరు: ఇక్కడే ఉండేవారా, గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటున్నారా.
- నిజంగా చేతులు మారే మొత్తం ఎంత.

మూడో సంగతిని చాలామంది పట్టించుకోరు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో అమ్మే వ్యక్తి విదేశంలో ఉండడం కొత్త కాదు కనుక దాన్ని మొదటే అడగాలి. దాని ప్రభావం ఏడో అంశంలో తెలుస్తుంది.

2. తెలంగాణలో రేటు అంతటా ఒక్కటే

2021 జూలై 22 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం సేల్ డీడ్‌కు స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం, మొత్తం 7.5 శాతం. అంతకు ముందు ఇది 6 శాతంగా ఉండేది. పర్కాలలోనైనా, నర్సంపేటలోనైనా, హైదరాబాద్‌లోనైనా ఇదే శాతం. బదిలీ సుంకం స్థానిక సంస్థల వాటాగా వెళుతుంది, కొనేవారికి మాత్రం మూడూ కలిపి ఒకే చెల్లింపు. ఈ రేట్లలో మహిళల పేరిట కొన్నందుకు ప్రత్యేక రాయితీ లేదు.

కాబట్టి "మా ఊళ్లో తక్కువ" అనే మాటలో సగమే నిజం. ఊరిని బట్టి మారేది ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ. దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద 7.5 శాతం లెక్కగడతారు. ఒప్పందంలో వేరే మాట లేకపోతే అమ్మకం దస్తావేజు మీద స్టాంపు డ్యూటీ భరించవలసింది కొనేవారే.

3. మార్కెట్ విలువ కనుక్కోవడం

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి కాబట్టి ఈ మెట్టు మీద కాస్త ఎక్కువ సమయం పెట్టాలి.

రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ వెబ్‌సైట్‌లో మార్కెట్ విలువల విభాగం ఉంటుంది. అందులో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే రేట్లు కనిపిస్తాయి. పట్టణాల్లో వార్డు, బ్లాకు, ఇంటి నంబరు వారీగా గజానికి ఇంత అని, పల్లెల్లో వ్యవసాయ భూమికి సర్వే నంబరు వారీగా ఎకరానికి ఇంత అని విలువలు ఉంటాయి. నగరంలో విలీనమైన గ్రామాల్లో ఉన్న ఆస్తికి పాత గ్రామం పేరుతోనూ, కొత్త వార్డు నంబరుతోనూ వెతికి చూడడం మంచిది. అమ్మేవారి లింక్ డాక్యుమెంట్‌లో (ఆస్తి వారికి వచ్చిన పాత దస్తావేజులో) ఒక చిరునామా, ఇంటి పన్ను రసీదులో మరో చిరునామా ఉంటే ఏ రేటు వర్తిస్తుందో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనే తేల్చుకోవాలి.

ఒకే కాలనీలో కూడా విలువ ఒకటి కాదు. ములుగు రోడ్డు వైపు ముఖం ఉన్న ప్లాటును, దాని వెనక సందులో ఉన్న ప్లాటును తీసుకుంటే రెంటికీ ఒకే గజాల విస్తీర్ణం ఉన్నా, ముందుదానికి వాణిజ్య రేటు, వెనకదానికి నివాస రేటు పడవచ్చు. దస్తావేజులోని హద్దుల్లో "ఉత్తరం: ప్రధాన రహదారి" అని ఒక్క మాట ఉంటే చాలు, లెక్క మారిపోతుంది. అందుకే హద్దులను స్థలం దగ్గర నిలబడి సరిచూసుకోవాలి. పాత దస్తావేజులో ఉన్న చెక్కుబందిని (హద్దుల వివరాన్ని) చూసి రాసే అలవాటు వల్ల, పదేళ్ల కిందట సందుగా ఉండి ఇప్పుడు వెడల్పయిన రోడ్డు గురించి కొనేవారికి రిజిస్ట్రేషన్ రోజున గానీ తెలియదు.

ఆస్తి రకాన్ని బట్టి విలువ కట్టే తీరు ఇలా ఉంటుంది:

- ఖాళీ ప్లాటు: గజం రేటును గజాలతో హెచ్చిస్తే సరిపోతుంది.
- సొంత ఇల్లు: స్థలం విలువకు కట్టడం విలువ కలుస్తుంది. స్లాబు, రేకులు, పెంకులు, దేనికి ఆ రేటు వేరు. కట్టి ఎన్నేళ్లయిందో చూసి తరుగుదల ఇస్తారు.
- ఫ్లాటు: చదరపు అడుగుకు ఇంత అని ఒకే రేటు ఉంటుంది. స్థలంలోని అవిభాజ్య వాటా విలువ అందులోనే కలిసి ఉంటుంది.
- వ్యవసాయ భూమి: ఎకరం రేటు. దీనికి రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర కాదు, తహసీల్దార్ కార్యాలయంలో భూభారతి (భూముల రికార్డుల ప్రభుత్వ పోర్టల్) ద్వారా జరుగుతుంది. శాతం మాత్రం అదే 7.5.

సొంత ఇల్లు కొనేటప్పుడు కింద స్లాబు ఇంటిని మాత్రమే రాసి, పైన వేసిన రేకుల గదిని వదిలేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఆ నాలుగు రూపాయల మిగులుకు ఆశపడవద్దు. తనిఖీలో బయటపడితే తక్కువ విలువ చూపినట్టు అవుతుంది, రేపు బ్యాంకు ఇంజినీరు వచ్చినప్పుడు దస్తావేజులో లేని గదిని లెక్కలోకి తీసుకోడు.

మార్కెట్ విలువలు 2021 జూలైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మరోసారి పెరిగాయి. ఇలాంటి సవరణ వచ్చినప్పుడు బయానా ఇచ్చిన నాటి విలువ కాకుండా రిజిస్ట్రేషన్ నాటి విలువే వర్తిస్తుంది. అగ్రిమెంట్ రాసుకుని ఆరు నెలలు గడువు పెట్టుకున్నవారు మధ్యలో వెబ్‌సైట్‌ను మళ్లీ చూడాలి.

4. లెక్క వేయడం

ఉదాహరణకు హనుమకొండలో 200 గజాల ప్లాటు ఉందనుకుందాం. ప్రభుత్వ విలువ గజానికి 6,000 రూపాయలు అనుకుంటే మార్కెట్ విలువ 12 లక్షలు. మీరు నిజంగా ఇస్తున్నది, దస్తావేజులో రాస్తున్నది 20 లక్షలు. ఎక్కువైనది 20 లక్షలు కనుక:

- స్టాంపు డ్యూటీ 5.5 శాతం: 1,10,000
- బదిలీ సుంకం 1.5 శాతం: 30,000
- రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం: 10,000
- మొత్తం: 1,50,000

దీనికి మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పిడి) రుసుము, యూజర్ చార్జీలు, డాక్యుమెంట్ రైటర్ ఫీజు అదనం. బ్యాంకు రుణం ఉంటే దస్తావేజులు తనఖా పెట్టినందుకు మరో స్టాంపు ఖర్చు ఉంటుంది, దాన్ని బ్యాంకులో అడిగి రాసుకోవాలి. "అంతా కలిపి ఇంత" అని డాక్యుమెంట్ రైటర్ చెప్పే మొత్తంలో చలాన్ సొమ్ము ఎంత, తన ఫీజు ఎంత అని విడగొట్టి అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

5. ధర తగ్గించి రాసే ఆలోచన వస్తే

పై ఉదాహరణలో 20 లక్షలు ఇచ్చి 12 లక్షలే రాస్తే ఖర్చు 90,000కు దిగుతుంది. మిగిలేది 60,000. పోయేదేమిటో చూద్దాం.

మొదటిది, మిగతా 8 లక్షలు నగదుగా ఇవ్వాలి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయ పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారికి అంత మొత్తమే జరిమానా పడవచ్చు. ఇచ్చినవారు ఆ డబ్బు ఎక్కడిదో చెప్పుకోవలసి వస్తుంది.

రెండోది, రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 12 లక్షలే అవుతుంది. దాంతో లాభం ఎక్కువ కనబడి దాని మీద పన్ను పెరుగుతుంది. అరవై వేల కోసం లక్ష పోగొట్టుకునే బేరం ఇది. ఏదైనా వివాదం వచ్చి అమ్మినవారు డబ్బు తిరిగి ఇవ్వవలసి వచ్చినా కాగితం మీద ఉన్నది 12 లక్షలే.

దీనికి తలకిందులైన చిక్కు కూడా ఉంది. ప్రభుత్వ విలువ 24 లక్షలుగా ఉన్న ఆస్తి మీకు నిజంగానే 20 లక్షలకు దొరికిందనుకుందాం. స్టాంపు డ్యూటీ ఎలాగూ 24 లక్షల మీదే, అంటే మొత్తం 1,80,000 అవుతుంది. దానితో పోదు. ఆ తేడా 50,000 కన్నా, కొన్న ధరలో 10 శాతం కన్నా కూడా ఎక్కువైతే, మొత్తం తేడాను, అంటే ఇక్కడ 4 లక్షలను, కొన్నవారి ఆదాయంగా చూసి పన్ను వేస్తారు. ప్రధాన రోడ్డు రేటు పొరపాటున పడిన ప్లాట్లలో ఈ ఇబ్బంది రావచ్చు. ఆ విలువ న్యాయం కాదనిపిస్తే, స్థలం ఫొటోలు, హద్దుల ఆధారాలతో స్టాంపు చట్టం 47ఏ సెక్షన్ కింద విలువ నిర్ధారణ కోరవచ్చు. అయితే అంతవరకూ దస్తావేజు పెండింగ్‌లో ఉంటుంది కనుక రుణం మీద కొనేవారు ముందే బ్యాంకుతో మాట్లాడుకోవాలి.

6. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్‌టీ

ప్రాంతాన్ని బట్టి రేటే మారేది ఇక్కడ. 2019 ఏప్రిల్ 1 నుంచి నిర్మాణంలో ఉన్న నివాస ఫ్లాట్లకు జీఎస్‌టీ 5 శాతం, అందుబాటు ధర ఇళ్లకు 1 శాతం. అందుబాటు ధర ఇల్లు అనిపించుకోవాలంటే ధర 45 లక్షలు దాటకూడదు, కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం) హైదరాబాద్ వంటి మెట్రో నగరాల్లో 60 చదరపు మీటర్లు, మిగతా చోట్ల 90 చదరపు మీటర్లు మించకూడదు. 60 చదరపు మీటర్లంటే సుమారు 646, 90 అంటే సుమారు 969 చదరపు అడుగులు.

85 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా ఉన్న 44 లక్షల ఫ్లాటును హనుమకొండలో బుక్ చేసుకుంటే జీఎస్‌టీ 44,000. అదే కొలత, అదే ధర హైదరాబాద్‌లో అయితే 2,20,000. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలో కొనేవారు బిల్డర్ ఇచ్చిన కొటేషన్‌లో 5 శాతం అని చూసి ఊరుకోకుండా, తమ ఫ్లాటు 1 శాతం కిందికి వస్తుందేమో అడగాలి.

రెండు జాగ్రత్తలు. కొలత కార్పెట్ ఏరియాలోనే చూడాలి, బ్రోచర్లలో పెద్ద అక్షరాల్లో ఉండే, మెట్లు, కారిడార్ల వంటి ఉమ్మడి స్థలాల వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్ ఏరియాలో కాదు. ధరలో పార్కింగ్ వంటి అదనపు చార్జీలు కూడా కలుస్తాయి, కాబట్టి 44 లక్షల ఫ్లాటుకు 2 లక్షల పార్కింగ్ జోడిస్తే పరిమితి దాటిపోయి మొత్తం మీద 5 శాతం పడుతుంది.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండవచ్చు అని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) వచ్చాక మొదటిసారి అమ్మే ఫ్లాటుకు, పాత ఇంటికి, ఖాళీ ప్లాటుకు జీఎస్‌టీ లేదు.

7. అమ్మేవారి నుంచి మినహాయించవలసిన టీడీఎస్

టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేటప్పుడే అందులోంచి మినహాయించే ఆదాయ పన్ను. ఇది మీ జేబులోంచి పోయే పన్ను కాదు, కానీ కోసి కట్టవలసిన బాధ్యత మీదే. ధర గానీ ప్రభుత్వ విలువ గానీ 50 లక్షలు, ఆపైన ఉంటే, రెంటిలో ఎక్కువైన దాని మీద 1 శాతం మినహాయించి ఆదాయ పన్ను శాఖకు కట్టాలి. 50 లక్షలకు పైన ఉన్న భాగం మీదే అనుకోవడం పొరపాటు. 60 లక్షల ఇంటికి 60,000 కట్టాలి. మినహాయించిన నెల ముగిశాక 30 రోజుల్లోగా ఆదాయ పన్ను వెబ్‌సైట్ ద్వారా చెల్లించి, అమ్మినవారికి సర్టిఫికెట్ ఇవ్వాలి. భార్యాభర్తలు చెరి సగం కొన్నా మొత్తం ధరనే చూస్తారు.

అమ్మేవారు ఆదాయ పన్ను దృష్టిలో ప్రవాసులైతే ఈ 1 శాతం గానీ, 50 లక్షల పరిమితి గానీ వర్తించవు. 15 లక్షల ప్లాటైనా అంతకన్నా ఎక్కువ రేటుతో మినహాయింపు ఉంటుంది. అమ్మేవారు ముందుగా దరఖాస్తు చేసుకుని తక్కువ మినహాయింపు సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. ఇండియా పాస్‌పోర్టు ఉంది కదా అనుకోవద్దు. ఏడాదిలో ఎన్ని రోజులు ఇక్కడ ఉన్నారన్నదే లెక్క. అన్న దుబాయిలో ఉండి తమ్ముడు జీపీఏ (అన్న రాసిచ్చిన అధికార పత్రం) మీద సంతకం చేస్తున్నప్పుడు కూడా అమ్ముతున్నది అన్నే. ఈ ఒక్క విషయానికి చార్టర్డ్ అకౌంటెంట్‌ను అడగడం దండగ ఖర్చు కాదు.

8. అనుమతి లేని ప్లాట్లు, గుంటల లెక్కన అమ్మే భూములు

చౌకగా కనిపించే ప్లాటుకు లేఅవుట్ అనుమతి ఉందో లేదో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థలో గానీ స్థానిక సంస్థలో గానీ చూసుకోవాలి. అనుమతి లేని లేఅవుట్‌లో ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) రుసుముతో పాటు, ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కూడా కట్టవలసి ఉంటుంది. ఇది 7.5 శాతానికి దాదాపు రెట్టింపు. కాబట్టి ఎల్ఆర్ఎస్ ఎవరు కట్టాలన్నది బయానా నాడే అగ్రిమెంట్‌లో రాయించాలి.

నగర శివార్లలో ఐదు గుంటలు, పది గుంటలుగా అమ్మే భూమికి ఎకరం రేటు మీద రిజిస్ట్రేషన్ అవుతుంది కనుక ఖర్చు తక్కువే. కానీ అది వ్యవసాయ భూమిగానే ఉంటుంది. ఇల్లు కట్టాలంటే నాలా మార్పిడికీ (వ్యవసాయేతర భూమిగా మార్చడానికీ), నిర్మాణ అనుమతికీ విడిగా కట్టాలి. ఆ మొత్తం కలిపి చూసుకున్నాకే చౌకో కాదో నిర్ణయించాలి.

9. వేరే రాష్ట్రంలో కొంటుంటే

50 లక్షల ఫ్లాటుకు స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు సుమారుగా ఇలా ఉంటుంది:

- తెలంగాణ: 7.5 శాతం, 3,75,000.
- ఆంధ్రప్రదేశ్: మొత్తం 7.5 శాతమే. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం.
- బెంగళూరు: స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జీ కలిపి 5.6 అవుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతం కాస్తా 2 అయింది. మొత్తం 3,80,000.
- పుణె: సెస్సులతో కలిపి 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు గరిష్ఠంగా 30,000. మొత్తం 3,80,000. ఇల్లు మహిళ పేరిట కొంటే 1 శాతం రాయితీ ఉంది.
- కేరళ: 8, 2 కలిపి 10 శాతం, 5,00,000.
- తమిళనాడు: 7, 2 కలిపి 9 శాతం, 4,50,000.

బెంగళూరు లెక్కలు ఇంటర్నెట్‌లో పాత ఫీజుతోనే ఇంకా తిరుగుతున్నాయి, గమనించాలి. పుణెలో ఫీజుకు గరిష్ఠ పరిమితి ఉండడం వల్ల ధర పెరిగే కొద్దీ తేడా కనబడుతుంది: కోటి రూపాయల ఇంటికీ అక్కడ ఆ ఫీజు 30,000 దాటదు. పైవన్నీ ఆయా రాష్ట్రాల ప్రభుత్వ విలువ మీద ఆధారపడినవే కనుక, అక్కడి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మూడో మెట్టును మళ్లీ చేయాలి.

10. డబ్బు సిద్ధం చేసుకోవడం, రిజిస్ట్రేషన్ రోజు

ఈ పన్నులకు బ్యాంకు రుణం దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 10 లక్షలు దాటిన ఇంటి విషయంలో స్టాంపు డ్యూటీని, రిజిస్ట్రేషన్ ఖర్చును ఇంటి విలువలో కలపకూడదు. 50 లక్షల ఇంటికి 80 శాతం, అంటే 40 లక్షలు రుణం వచ్చినా, మిగతా 10 లక్షలతో పాటు 3,75,000 కూడా మీ చేతిలో ఉండాలి.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలకు స్లాట్ బుకింగ్ 2025లో వచ్చింది. స్లాట్ రోజుకు ముందే పూర్తి చేయవలసినవి:

- ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, ఆస్తి మీద తనఖా గానీ మరో అమ్మకం గానీ లేదని చూడడం.
- రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు లేదని సరిచూడడం.
- ఇంటి పన్ను లేదా ఖాళీ స్థలం పన్ను బకాయిలు లేని రసీదులు తీసుకోవడం.
- చిత్తు దస్తావేజులో పేర్లు, గజాలు, హద్దులు, చెల్లింపు వివరాలు స్వయంగా చదవడం.
- మార్కెట్ విలువను మరోసారి చూసి, ఆ తర్వాతే చలాన్ కట్టడం.
- ఇద్దరు సాక్షులు, అందరి ఆధార్, పాన్ కార్డులు, లింక్ డాక్యుమెంట్ల అసలు ప్రతులు సిద్ధంగా ఉంచుకోవడం.

సంతకాలు చేసిన దస్తావేజును నాలుగు నెలల్లోగా రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. ముహూర్తం కోసం ముందే సంతకాలు చేసి కాగితం బీరువాలో పెట్టేవారు ఈ గడువు మరవకూడదు.

11. దస్తావేజు చేతికి వచ్చాక

పేరు, ఇంటి నంబరు, విస్తీర్ణం మరోసారి చదివి, అక్షర దోషం కనిపిస్తే అమ్మినవారు అందుబాటులో ఉన్నప్పుడే సవరణ దస్తావేజు చేయించుకోవాలి. ఇంటి పన్ను తర్వాతి బిల్లు మీ పేరిట వచ్చిందో లేదో చూడాలి. మ్యుటేషన్ రుసుము కట్టినంత మాత్రాన రికార్డు మారిందని అనుకోకూడదు.

పాత ఆదాయ పన్ను విధానంలో ఉన్నవారికి నివాస గృహంపై కట్టిన స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు 1,50,000 పరిమితిలో మినహాయింపు కిందికి వస్తాయి. కట్టిన ఏడాదిలోనే చూపించాలి, ఖాళీ ప్లాటుకు ఇది లేదు. చలాన్ రసీదును, జీఎస్‌టీ బిల్లులను దస్తావేజుతో కలిపి భద్రపరిస్తే, ఇల్లు అమ్మే నాడు వాటిని కొనుగోలు ఖర్చులో చూపించుకోవచ్చు.